విశ్వానికి ముందు: నిల్

కోనలంక జిల్లాలో ప్రజల సమస్య ఏదైనా సరే ఇరవై ఒక్క రోజుల్లో తీరిపోవాలి. ఇది ఉత్తర్వు. వీధి దీపం వెలగకపోయినా, మురుగు కాలువ పొంగినా, రేషను కార్డులో మొగుడి పేరుండాల్సిన చోట మామగారి పేరు పడినా, ఇరవై ఒకటో రోజు సాయంత్రానికల్లా 'పరిష్కరించబడినది' అని ఫోనుకి మెసేజి వచ్చి తీరాలి. దీపం వెలిగిందా లేదా అన్నది వేరే సంగతి. దాని గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. ఇంత చక్కటి ఏర్పాటు దీపాల దగ్గరా కాలువల దగ్గరా ఆగిపోవడం ఏం బావుంటుందని ప్రజా విజ్ఞాన శాఖ వారికి ఒక సోమవారం తోచింది. మంగళవారం పొద్దున్న విశ్వాన్ని కూడా అందులో కలిపేశారు.

అసలు విశ్వం ఆ శాఖ చేతికి ఎలా చిక్కిందో ముందు చెప్పాలి. డాక్టర్ మందరపు వకుళ విశ్వం పుట్టుక మీద పరిశోధన చేసే మనిషి. ఇరవై రెండేళ్ళు ఒక పెద్ద సంస్థలో కూర్చుని, ఎప్పుడో పుట్టి ఇప్పటికీ ఆకాశమంతా పలచగా పరుచుకున్న తొలి వెలుగుని కొలిచింది. అన్నేళ్ళలో ఆ సంస్థలో ఆమెను అడిగిన ప్రశ్నలు రెండే. సెలవు ఎప్పుడు పెడుతున్నారు, ఆ ఫారం నింపారా. ఎక్కడికైనా పంపండి మహాప్రభో అంటే మూడేళ్ళ డిప్యుటేషన్ మీద కోనలంక విజ్ఞాన కేంద్రానికి పంపారు.

ఆ కేంద్రం అంతకుముందు మత్స్యశాఖ ఆఫీసు. వానాకాలంలో గోడలు ఆ సంగతి గుర్తుచేస్తూనే ఉంటాయి. ఒక హాలు, ఇరవై బెంచీలు, మేడ మీద గదిలో ఒక టెలిస్కోపు. వకుళ వచ్చిన నెలలోనే ఆదివారం సాయంత్రం ఐదింటికి 'విశ్వంతో సంభాషణ' అని మొదలుపెట్టింది. ఉపన్యాసం కాదు. ఆమె ఒక పావుగంట ఏదో చెబుతుంది, తరవాత ఎవరికి తోచింది వాళ్ళు అడుగుతారు. మొదటి వారం తొమ్మిదిమంది వచ్చారు, అందులో ఇద్దరు వాన పడుతోందని వచ్చారు. మూడో నెలకి బెంచీలు చాలలేదు. ఆసుపత్రి డ్యూటీ దిగి నర్సు ఎస్తేరు వచ్చేది. కొట్టు కట్టేసి, మెడలో టేపుతోనే దర్జీ సుభానీ వచ్చేవాడు.

అందరికన్నా ముందొచ్చి, గుమ్మంలో నిలబడి జనాన్ని సర్దేది సూరంపూడి అబ్బులు. ఆర్టీసీలో ముప్పై నాలుగేళ్ళు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బస్సు దిగినా గొంతు దిగలేదు. "జరగండి, లోపలికి జరగండి. గుమ్మంలో నిలబడిపోకండి. లోపల బోలెడు ఖాళీ ఉంది," అని ఆయన కేకేస్తే, నిలబడ్డవాళ్ళు ఆలోచించకుండా రెండడుగులు ముందుకేసేవారు. ఆ కేక వినపడితే చాలు, వకుళకి ఆ వారం బతికినట్టుండేది.

ఒక ఆదివారం అబ్బులు లేచాడు.

"మేడంగారూ, విశ్వం పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిందన్నారు. ఒప్పుకున్నానండి. బస్సు బయల్దేరిందంటే అంతకుముందు డిపోలో ఉన్నట్టే కదండి. మరి ఇది బయల్దేరకముందు ఏముందండి?"

"తెలియదు అబ్బులుగారూ," అంది వకుళ. "ముందు అనే మాటకి అక్కడ అర్థముందో లేదో కూడా తెలియదు. నాకే కాదు, ఇంకా ఎవరికీ తెలియదు. వెతుకుతున్నాం."

అబ్బులు మొహం మెల్లగా విచ్చుకుంది.

"డిపో మేనేజరు దగ్గర్నించి మంత్రిగారి దాకా చాలామందిని చాలా అడిగానండి. తెలియదు అన్న ఆఫీసరుని ఇదే చూడ్డం. ఆయ్, ప్రాణానికి హాయిగా ఉందండి," అని కూర్చున్నాడు.

ఆ మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి కాలువ లాకుల దగ్గర అబ్బులూ, ఆయన తోటి రిటైర్డు మనుషులు ముగ్గురూ కూర్చుని, విశ్వానికి ముందు ఏముండి ఉంటుందని వాదించుకోవడం మొదలుపెట్టారు. ఏమీ లేకపోవడం అంటే ఏమిటన్న దగ్గర రెండు రోజులు ఆగిపోయారు. ఒక రోజు మాటలు కూడా మానేశారు. అంత బాగా సాగింది.

ఇలా ఉండగానే, మొదట చెప్పిన ఆ మంగళవారం వచ్చి, విశ్వం ఫిర్యాదుల పోర్టల్లోకి ఎక్కింది. ఆదివారం హాల్లో ఎవరేమడిగినా ఇక నంబరు పడుతుంది. అడిగినవాళ్ళ ఫోనుకి మెసేజి వెళ్తుంది. వెనక్కి వెళ్ళి పాత ప్రశ్నలు కూడా ఎక్కించారు. విశ్వానికంటూ వేరే విభాగం లేదు కాబట్టి 'ఇతరములు' కింద వేశారు. అబ్బులు ఫోను మోగింది. 'ప్రియమైన ఫిర్యాదుదారు, విశ్వానికి ముందు ఏమియు లేకపోవుట గురించి మీరిచ్చిన ఫిర్యాదు నమోదైనది.'

పంతొమ్మిదో రోజున వకుళకి మెమో వచ్చింది, స్వయంగా హాజరు కావలెనని.

శాఖ సంయుక్త సంచాలకులు పరాంకుశంగారు. మనిషి మంచివారే, కానీ ఆయన నోట్లోంచి మాట బయటికొస్తే ఫైలు నంబరుతో సహా వస్తుంది. ఇంట్లో భార్యని మంచినీళ్ళు అడిగినా 'తగు చర్య నిమిత్తం' అడుగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు. పక్క బల్ల దగ్గర సీనియర్ అసిస్టెంటు శేషారత్నం కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"కూర్చోండి," అన్నారు పరాంకుశంగారు. "సదరు ప్రశ్న పంతొమ్మిది దినములుగా అపరిష్కృతంగా ఉన్నట్టు మా దృష్టికి వచ్చియున్నది."

"దానికి నేను అప్పుడే జవాబు చెప్పానండి."

"ఏమని?"

"తెలియదని."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "తెలియదు అనునది సమాధానం కిందకు రాదు. శేషారత్నం, మేడంగారికి బొత్తాలు చూపించు."

శేషారత్నం కంప్యూటరు తెర ఇటు తిప్పింది. మూడే బొత్తాలున్నాయి. పరిష్కరించబడినది. తిరస్కరించబడినది. ఇతర శాఖకు బదిలీ.

"ఏదీ నొక్కకపోతే?" అంది వకుళ.

"పరిశీలనలో ఉంది అని ఎర్రగా చూపిస్తుంది మేడం. ఎర్రగా చూపిస్తే పెండింగు లెక్క. పెండింగుంటే సార్‌కి అన్నం సయించదు."

"తెలియదు అని ఇంకో బొత్తాం పెట్టించవచ్చు కదా."

"పెట్టమని పోయినేడే రాశాం మేడం. ఆ ఉత్తరం ఇతర శాఖకు బదిలీ అయింది."

ఈలోగా బల్ల మీద ఫోను మోగింది. ఎవరో గ్రంథాలయం పైకప్పు సంగతి అడుగుతున్నారు. "ఆ విషయం పరిశీలనలో ఉంది," అని పరాంకుశంగారు పెట్టేశారు. మళ్ళీ మోగింది. ఎవరి పదోన్నతి సంగతో. "పరిశీలనలో ఉంది." ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆ మాట ఆయన నాలిక మీద గూడు కట్టుకుంది.

వకుళ ఉండబట్టలేకపోయింది. "సార్, మీరు ఫోనులో చెప్పిందీ నేను హాల్లో చెప్పిందీ ఒకటే కదండీ."

"కాదు," అన్నారాయన, చిన్నపిల్లకి చెప్పినంత ఓపికగా. "ఫోనులో చెప్పినది ప్రభుత్వ సమాధానం. తమరు చెప్పినది వ్యక్తిగత అజ్ఞానం. పైపెచ్చు ఫోనులో అడిగినవి పోర్టల్లోకి రావు."

"మా పని మొత్తం తెలియదు అన్న దగ్గరే మొదలవుతుందండి."

"మొదలుపెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. ఇరవై ఒక్క రోజుల్లో ముగించండి."

ఆమె బయటికొచ్చేసరికే శేషారత్నం మూడో బొత్తాం నొక్కేసింది. 'ముందు ఏముండెను' అంటే పాత రికార్డుల వ్యవహారం కాబట్టి ప్రశ్న రెవెన్యూ వారికి బదిలీ అయింది. రెవెన్యూ వాళ్ళు దేనికైనా పొలం గట్టు మీదికెళ్ళి చూసి పంచనామా రాయడం అలవాటున్నవాళ్ళు. ఏ గట్టు మీదికెళ్ళాలో కాగితంలో లేకపోయేసరికి, గ్రామ అధికారి విజ్ఞాన కేంద్రం వెనక దొడ్లోకి వచ్చి, ఇద్దరు పెద్దమనుషుల్ని నిలబెట్టి, అక్కడికక్కడ రాసేశాడు.

ఆ నివేదిక నకలు వకుళ బల్ల మీదికి వచ్చింది. అందులో ఇలా ఉంది: 'సదరు విశ్వమునకు పూర్వస్థితి గురించి స్థానికంగా విచారించగా, ఎనభై ఆరు సంవత్సరముల వయసు గల కర్రి సత్తియ్య గారు, విశ్వమునకు ముందు తాము ఏమియు చూచి ఎరుగమని వాంగ్మూలమిచ్చియున్నారు. హద్దులు: తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, అప్పటికి దిక్కులు ఏర్పడలేదు. పట్టాలు మంజూరు కాలేదు. ఆక్రమణలు లేవు. కావున విశ్వానికి ముందు: నిల్. తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది.'

నిల్ రిపోర్టు అందిన ఐదు నిమిషాల్లో శేషారత్నం మొదటి బొత్తాం నొక్కింది. ఇరవై ఒకటో రోజు, మధ్యాహ్నం మూడింటికి, మనుషులు ఆకాశం వంక చూడటం మొదలుపెట్టిన నాటి నుంచీ వేధిస్తున్న ప్రశ్న కోనలంక జిల్లాలో పరిష్కారమైపోయింది.

రెండు రోజుల తరవాత అబ్బులు వచ్చాడు. ఫోను వకుళ చేతికిచ్చాడు. 'మీ సమస్య పరిష్కరించబడినది. విశ్వానికి ముందు: నిల్. మీ సంతృప్తిని ఐదు నక్షత్రాలలో తెలుపుడు.'

"నా ప్రశ్న మూసేశారండి," అన్నాడు.

"వాళ్ళు మూసినంత మాత్రాన అది మూతపడదు అబ్బులుగారూ."

"తమరంటారండి. మొన్న లాకుల దగ్గర ఈ మెసేజి చూపించానండి. అయితే ఏమీ లేదన్నమాట, గవర్నమెంటే రాసిచ్చిందని వెంకన్నగారు తుండుగుడ్డ దులుపుకుని ఇంటికెళ్ళిపోయాడు, ఆయన వెనకే మిగతా ఇద్దరూనండి. నిన్న నేనొక్కణ్ణే కూర్చున్నానండి. రిటైరయ్యాక పొద్దు ఎలా గడుస్తుందా అని బెంగపడ్డవాణ్ణి, ఆ ప్రశ్న దొరికాక రోజు చాలేది కాదు. దాన్ని పట్టుకుపోయారండి."

వకుళకి కోపం పరాంకుశంగారి మీదా, పోర్టలు మీదా రావాలి. వచ్చింది కూడా. కానీ అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. ఆ మనిషికి ఆ ప్రశ్న ఇచ్చింది తనే, కాపాడలేకపోయింది కూడా తనే. అప్పటికప్పుడు కూర్చుని, ఆ ప్రశ్నను తిరిగి తెరవమని ఉత్తరం రాసింది. వారానికి జవాబొచ్చింది. 'ఒకసారి పరిష్కరించబడిన విశ్వమును పునఃపరిష్కరించుటకు నిబంధనలు అనుమతించవు.'

ఒకసారి దారి తెలిశాక ఇక శాఖను పట్టేవారు లేకపోయారు. వేరే లోకాల్లో జీవులున్నారా అని నర్సు ఎస్తేరు అడిగిన ప్రశ్న పోలీసు స్టేషనుకి వెళ్ళింది. 'మా స్టేషను పరిధిలో అట్టి వ్యక్తులు ఎవరూ తమ రాకను నమోదు చేసుకోలేదు, వారిపై పాత కేసులు కూడా లేవు' అని వచ్చింది. పరిష్కారం. విశ్వంలోని పదార్థంలో చాలా భాగం చీకటి పదార్థమట, అదేమిటని సుభానీ అడిగింది వీధి దీపాల విభాగానికి పోయింది. 'సదరు ప్రాంతంలో స్తంభాలు వేయుటకు ప్రతిపాదనలు పంపియున్నాము' అన్నారు. అదీ పరిష్కారం. సుభానీ వకుళ దగ్గరికొచ్చి, "స్తంభాలు ఎక్కడ పాతుతారో కనుక్కుంటారా మేడం, మా కొట్టు ముందు కూడా చీకటే," అన్నాడు. ఎగతాళి చేశాడో, నిజంగానే అడిగాడో ఆమెకి తెలియలేదు.

విశ్వం రోజురోజుకీ వ్యాపిస్తోందని ఆమె హాల్లో చెప్పిన మాట పట్టణ ప్రణాళికా విభాగం దాకా వెళ్ళింది. ఓ పొద్దున్న కేంద్రానికి వచ్చేసరికి టెలిస్కోపు గది తలుపుకి నోటీసు అంటించి ఉంది. ముందస్తు అనుమతి లేకుండా నిరంతరంగా విస్తరిస్తున్నందున పదిహేను దినములలోగా విస్తరణ నిలుపుదల చేయవలెనని, లేనిచో అదనపు భాగము తొలగించబడునని అందులో ఉంది. యజమాని చిరునామా తెలియనందున చివరిగా చూచిన చోట అంటించడమైనదట. వకుళ ఆ నోటీసుని మూడుసార్లు చదివింది. మొదటిసారి నవ్వింది. మూడోసారి నవ్వు రాలేదు.

ఇంత జరిగినా కొత్త ప్రశ్నలు పుడుతూనే ఉన్నాయి. జవాబు దొరకని ప్రశ్న అడగడమే ఆదివారం మనుషులకి అలవాటైపోయింది. అందుకని శాఖ వారు సమస్యను మూలంలోనే పట్టుకున్నారు. ఇక మీదట ప్రశ్న అడగదలచినవారు మూడు రోజుల ముందు, నిర్ణీత ఫారంలో, జవాబు జతపరచి దరఖాస్తు చేసుకోవాలి. జవాబు జతచేయని ప్రశ్నలు స్వీకరించబడవు.

ఆ తరవాతి ఆదివారం సంభాషణ పధ్నాలుగు నిమిషాల్లో అయిపోయింది. సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడని ఒకాయన అడిగాడు. తూర్పున అంది వకుళ. సరిపోయింది అన్నాడాయన, తన కాగితం చూసుకుని. వారానికి రోజులెన్నని ఒకావిడ అడిగింది. పరాంకుశంగారు ముందు వరసలో కూర్చుని, ప్రతి జవాబుకీ చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలు ఖాళీ. గుమ్మంలో అబ్బులు ఉన్నాడు కానీ, జరగండి అని ఎవరికి చెప్పాలో తెలియక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

రెండు నెలలు గడిచేసరికి కోనలంక జిల్లాలో విశ్వానికి సంబంధించిన పెండింగు సున్నాకి వచ్చింది. పైన కార్యదర్శిగారు సంతోషించి, స్వయంగా వచ్చి 'శూన్య పెండింగు' జ్ఞాపిక ఇస్తామన్నారు. జ్ఞాపిక ఇత్తడిది, సున్నా ఆకారంలో ఉంటుంది. ఆ కబురుతో పాటే ఇంకో కాగితం వచ్చింది. విశ్వం గురించి ప్రజలకు గల సందేహములన్నియు నివృత్తి అయినందున ఆదివారం సంభాషణలు నిలిపివేయడమైనది. టెలిస్కోపును గోదాముకు తరలించవలెను. డాక్టర్ వకుళ గారి సేవలు ఇక అవసరం లేనందున వారిని మాతృసంస్థకు పంపడమైనది.

వకుళ ఆ కాగితం పట్టుకుని పరాంకుశంగారి దగ్గరికి వెళ్ళింది.

"తమరు దిగులు పడవలసినది లేదు," అన్నారాయన. "ఇది శిక్ష కాదు, విజయం. పని పూర్తయినది. ఇందులో తమరి సంతకం ఒకటి కావలెను."

అది సంపూర్ణ పరిష్కార ధ్రువపత్రం. విశ్వం గురించి తెలియనిది ఏదియు ఈ జిల్లాలో మిగిలి లేదని విషయ నిపుణురాలిగా ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నానని రాసి ఉంది.

"నేను పెట్టను," అంది వకుళ. "ఇరవై రెండేళ్ళు చదివి నేను కచ్చితంగా తెలుసుకున్నది ఒక్కటేనండి, మాకు తెలిసింది చాలా తక్కువని. దాన్ని కూడా అబద్ధం చెయ్యమంటున్నారు."

"సంతకం పెట్టనిచో సర్వీసు రిజిస్టరులో విధేయతా లోపం అని రాయవలసి వచ్చును. అప్పుడు టెలిస్కోపులు గల సంస్థలేవీ తమరిని రానివ్వవు." ఆయన గొంతు తగ్గించారు. ఒక్క క్షణం ఆ గొంతులో ఫైలు వినపడలేదు. "అమ్మా, నాకు ఇంకా పద్దెనిమిది నెలల సర్వీసుంది. ఈ ఒక్క జ్ఞాపికా పుచ్చుకోనివ్వండి. సంతకం వేదిక మీదే, కార్యదర్శిగారి ఎదుట తీసుకుంటాం."

సభ ఆ హాల్లోనే పెట్టారు. గోడలకి సున్నం వేశారు కాబట్టి చేపల వాసన పోయింది. వేదిక మీద పెద్ద తెర. దాని మీద పోర్టలు, మధ్యలో మూరెడంత ఆకుపచ్చ సున్నా. ఎర్ర తివాచీ మీంచి కార్యదర్శిగారు నడిచొచ్చారు. పొడుగాటి మనిషి, పొందూరు ఖద్దరు చీర, తక్కువ మాట్లాడే అలవాటు. జ్ఞాపిక బల్ల మీద పెట్టారు. దాని పక్కన ధ్రువపత్రం, దాని మీద కలం. వకుళని పిలిచి బల్ల దగ్గర నిలబెట్టి, కలం చేతికిచ్చారు.

ఉత్తర్వు ప్రకారం ఇలాంటి సభల్లో ఐదు నిమిషాలు ప్రజలతో ముఖాముఖి ఉండి తీరాలి. సభలో అడిగిన ప్రతి మాటనీ, దానికి చెప్పిన ప్రతి మాటనీ అప్పటికప్పుడు పోర్టల్లో ఎక్కించాలి. అందుకోసం శేషారత్నం కంప్యూటరు పట్టుకుని వేదిక అంచున కూర్చుంది. ముందే జవాబు జతపరచి, ముందే మంజూరైన ప్రశ్న ఒకటి ఉంది. దరఖాస్తుదారు సూరంపూడి అబ్బులు.

ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. మైకు అందుకున్నాడు.

"సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడండి?"

వకుళ నోరు తెరిచే లోపల పరాంకుశంగారే మైకు పుచ్చుకున్నారు. "తూర్పున," అని సభంతా మారుమోగేలా చెప్పారు. చప్పట్లు. శేషారత్నం మొదటి బొత్తాం నొక్కింది. సున్నా చెక్కుచెదరలేదు.

అబ్బులు మైకు ఇవ్వలేదు.

"అదేనండి. తూర్పుంది, సూర్యుడున్నాడు, తమరున్నారు, నేనున్నాను. ఇదంతా లేకుండా కూడా ఊరుకోవచ్చు కదండి. ఎవరూ అడగలేదు కదండి పెట్టమని. మరి ఎందుకుందండి, ఇదంతా?"

వకుళ చేతిలో కలం ఉంది. ఆమె ఆయన వంకే చూస్తోంది. కార్యదర్శిగారు మెల్లగా తల తిప్పి పరాంకుశంగారి వంక చూశారు. పై అధికారి అలా చూసినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి. తిరస్కరించడానికి ఎదురుగా జనం, బదిలీ చెయ్యడానికి ఈ ప్రశ్నకి తగిన శాఖ ఏ ప్రభుత్వంలోనూ లేదు. పరాంకుశంగారి నుదుట చెమట పట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు ఆయన్ని ఆదుకుంది.

"ఆ విషయం పరిశీలనలో ఉంది," అన్నారు.

శేషారత్నం తలెత్తి ఆయన వంక చూసింది. తరవాత తెర వంక చూసింది. సభలో అన్న మాట అన్నట్టే ఎక్కించాలని ఉత్తర్వు. ఎక్కించింది. తెర మీద ఆకుపచ్చ సున్నా పోయి, ఎర్రగా, మూరెడంత ఒకటి అంకె వచ్చింది.

"పెండింగు ఒకటి చూపిస్తోందే," అన్నారు కార్యదర్శిగారు.

"అది... మేడం, సాంకేతికంగా..."

"పరిశీలనలో ఉందని మీరే కదండీ అన్నారు. పరిశీలిస్తున్నది ఎవరు?"

పరాంకుశంగారు అటూ ఇటూ చూశారు. హాల్లో అలాంటి విషయాలు పరిశీలించడానికి జీతం తీసుకునే మనిషి ఒక్కతే ఉంది. అందరి తలలూ అటు తిరిగాయి.

"నేనేనండి," అంది వకుళ. "ప్రతి ఆదివారం, సాయంత్రం ఐదింటికి, ఈ హాల్లోనే పరిశీలిస్తున్నాం. వీళ్ళందరూ కూడా పరిశీలిస్తారు."

"మరి ఈవిడని పంపించేస్తే దీన్ని ఎవరు చూస్తారు?" అన్నారు కార్యదర్శిగారు, పరాంకుశంగారి మీంచి చూపు తిప్పకుండా. జ్ఞాపికని ఆమె వెంట వచ్చిన బంట్రోతు మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. వకుళ కలానికి మూత పెట్టి, ధ్రువపత్రం మీద అడ్డంగా వదిలేసి వేదిక దిగింది. అబ్బులు మైకు తిరిగి ఇచ్చేస్తూ, "ఆయ్, ఈసారి మూసెయ్యకండి బాబూ," అన్నాడు, మైకులోనే.

నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. విశ్వం ఎందుకున్నదను అంశము సంక్లిష్టమైనది అయినందున, ఇరవై ఒక్క రోజుల గడువు నుండి ప్రత్యేక మినహాయింపు ఇవ్వడమైనది. పరిశీలన పూర్తగు వరకు ఆదివారం సంభాషణలు యథావిధిగా జరుపవలెను. ప్రశ్నలకు జవాబులు జతపరచు నిబంధన పరిశీలనకు ఆటంకము అయినందున రద్దు చేయడమైనది. డాక్టర్ వకుళ గారి సేవలు కొనసాగించబడును. పెండింగు సంయుక్త సంచాలకుల పేర ఉన్నందున, వారు ప్రతి ఆదివారము స్వయముగా హాజరై పురోగతిని పర్యవేక్షించవలెను. గడువు ఎంత కావలెనో తెలుపవలసిందిగా కిందన ఒక గడి ఇచ్చారు. వకుళ ఆలోచించి, 'తెలియదు' అని రాసింది. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

మళ్ళీ జనం వచ్చారు. ఎస్తేరు తోటి నర్సుల్ని ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చింది. లాకుల దగ్గర్నుంచి వెంకన్నగారు, మిగతా ఇద్దరూ వచ్చారు. పరాంకుశంగారు వెనక బెంచీలో, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రిలో వరస కోసం కాచుకున్న మనిషల్లే కూర్చునేవారు. మూడు ఆదివారాలు ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగో ఆదివారం, వకుళ ఇంకెవరైనా అడుగుతారా అన్నప్పుడు, ఆయన లేచారు. ఫైలు జారి కింద పడింది. తియ్యలేదు.

"మనవాళ్ళు నిల్ అని రిపోర్టు రాశారు కదమ్మా," అన్నారు. మామూలు తెలుగులో. "నేను ఇన్నేళ్ళలో కొన్ని వేల నిల్ రిపోర్టుల మీద సంతకం పెట్టాను. అన్నిట్లోనూ ఏదో ఒక చోట ఏమీ లేదని అర్థం. ఫలానా గదిలో లేదు, ఫలానా ఊళ్ళో లేదు. మరి అప్పటికి చోటు కూడా లేదేమోనని పోయిన ఆదివారం మీరే అంటిరి. చోటే లేనప్పుడు, ఆ లేకపోవడం ఎక్కడుందమ్మా?"

వకుళ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. ఆమె తోటివాళ్ళు ఏళ్ళ తరబడి తలలు పట్టుకున్నది ఇంచుమించు ఈ ప్రశ్న దగ్గరే.

"తెలియదండి," అంది.

శేషారత్నం అలవాటుగా కంప్యూటరు మీదికి వంగింది. పరాంకుశంగారు చెయ్యెత్తి ఆపారు. "ఎక్కించకమ్మా. ఇది నాది," అన్నారు. అలాగే నిలబడి, ఏం చెయ్యాలో తెలియనట్టు అటూ ఇటూ చూశారు.

అబ్బులు గుమ్మం దగ్గర్నించి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, ముందు వరస దాకా నడిపించుకెళ్ళాడు. అక్కడ కూర్చున్నవాళ్ళ వంక చూసి, పాత గొంతుతో కేకేశాడు.

"జరగండి, కాస్త లోపలికి జరగండి. సార్‌కి చోటివ్వండి. లోపల బోలెడు ఖాళీ ఉంది."